ఆవు ఈనుతుంటే చుట్టూ తిరగాలా? ఆ రోజు మేం కెమెరా ఎందుకు ఆపేశామంటే



పోయిన ఆదివారం వీడియో చూసినవాళ్ళలో చాలామంది అడిగింది ఒకటే. "గురువుగారూ, ద్విముఖి గోప్రదక్షిణ చూపిస్తామన్నారు. ఆవు అటూ ఇటూ తిరగడం చూపించారు. వెంటనే దూడ పక్కన నిలబడి ఉంది. మధ్యలో అసలు ఘట్టం ఏదండీ?" ఒకరైతే కొంచెం కోపంగానే, థంబ్‌నెయిల్ పెట్టి మోసం చేశారు అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. థంబ్‌నెయిల్ మార్చేశాం. కానీ ఆ మధ్యలో జరిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మేం వెళ్ళింది నగరం శివార్లలో ఒక చిన్న గోశాలకి. ముప్పై పశువులకు మించి ఉండవు. అందులో ఒక ఒంగోలు ఆవు, తొలిచూలు, నెలలు నిండి ఉంది. తెల్లవారుజామున ఫోన్ వచ్చింది, "ఇవాళ ఈనేలా ఉంది, వస్తే రండి" అని. ట్రైపాడ్, మైకు, రింగ్ లైట్ వేసుకుని పరిగెత్తాం. మేం వెళ్ళేసరికే అక్కడ ఇరవై మంది ఉన్నారు. పసుపు కుంకుమలు, హారతి పళ్ళెం, అందరి చేతుల్లో ఫోన్లు. ఎవరినీ తప్పుపట్టను, అందరూ భక్తితోనే వచ్చారు. అందరికంటే ఎక్కువ వెలుగు తీసుకెళ్ళింది నేనే.

ఆవు లేస్తోంది, పడుకుంటోంది, మళ్ళీ లేస్తోంది. తోక ఎత్తి పట్టుకుంటోంది. వెనక్కి తిరిగి తన పొట్ట వైపు చూసుకుంటోంది. మేం ఒక్కో అడుగు దగ్గరైన కొద్దీ ఆమె మూలకి జరిగింది. చివరికి గోడకు ఆనుకుని, తల మా వైపు తిప్పి, చెవులు నిక్కబొడుచుకుని నిలబడిపోయింది. నొప్పులు ఆగిపోయినట్టే ఉంది. గంట గడిచింది. మాలో ఒకరు "ఇంకెంతసేపండీ" అని టైం చూసుకున్నారు కూడా.

అప్పుడు అక్కడ పశువుల్ని చూసుకునే తాత వచ్చాడు. నా చేతిలో లైటు చూశాడు. "ఏం బాబూ, మీ అమ్మ నిన్ను కనేటప్పుడు ఇట్టానే ఊరంతా మంచం చుట్టూ తిరిగిందా?" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. అందర్నీ బయటికి పంపి, కొట్టానికి గోనెపట్టాలు అడ్డం కట్టి, తను మాత్రం దూరంగా గడ్డివాము పక్కన కూర్చున్నాడు. నలభై నిమిషాల్లో దూడ పుట్టింది.

ఇదీ ఆ మధ్యలో జరిగింది. మరి ప్రదక్షిణ సంగతేంటి? చేయకపోతే పుణ్యం పోయినట్టేనా? అక్కడికే వద్దాం.

దూడ ముఖం బయటికి కనిపిస్తూ ఉన్న ఆ కొద్దిసేపు ఆవుకి ముందొకటి, వెనకొకటి, రెండు ముఖాలు ఉన్నట్టు లెక్క. అందుకే ద్విముఖి, ఉభయతోముఖి అన్నారు. ఆ సమయంలో చుట్టూ తిరిగితే భూప్రదక్షిణ చేసినంత ఫలం అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే మాట. దీనికి మూలంగా చూపించే చోట్లలో యాజ్ఞవల్క్య స్మృతి ఒకటి. అందులో ఆచారాధ్యాయంలో దానాల గురించి చెబుతూ ఈ ప్రస్తావన వస్తుంది. దూడ రెండు కాళ్ళూ, ముఖమూ కనిపిస్తున్నంతసేపు, గర్భం ఇంకా విడుదల కానంతసేపు, ఆ ఆవును భూమి అనే తెలుసుకోవాలి అని దాని భావం. అలాంటి ఆవును దానం చేసినవాడికి ఆవుకీ దూడకీ ఒంటి మీద ఎన్ని వెంట్రుకలున్నాయో అన్ని యుగాల స్వర్గం అని ఫలశ్రుతి.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. "రెండు కాళ్ళూ, ముఖమూ" అన్నాడు. ఏదో అలంకారంగా అన్న మాట కాదిది. ఏ పశువైద్యుడిని అడిగినా చెబుతాడు, దూడ సవ్యంగా వస్తోందనడానికి గుర్తు సరిగ్గా అదే. ముందుకాళ్ళు రెండూ గిట్టలు కిందికి ఉండేలా, వాటి మీద తల ఆనించుకుని, ఈత కొడుతున్నవాడిలా వస్తుంది దూడ. ఒకే కాలు వచ్చి రెండోది రాకపోయినా, కాళ్ళు వచ్చి ముక్కు కనిపించకపోయినా, తోక ఒక్కటే తగిలినా అది ప్రమాదం. అంటే ఆ శ్లోకం రాసినాయన ఆవు ఈనడాన్ని చూసినవాడు. పక్కన ఉండి, జాగ్రత్తగా, చాలాసార్లు చూసినవాడు. అలా చూడగలిగాడంటే ఆవు అతణ్ణి ఉండనిచ్చింది అన్నమాట! మా ఇరవై మందిని ఉండనివ్వలేదు కదా.

నాకు ఇంకా నచ్చింది దాని తరవాత వచ్చే మాట. అదే చోట, రెండు అడుగులు ముందుకు వెళితే, అలసినవాళ్ళ అలసట తీర్చడం, రోగికి పరిచర్య చేయడం గోదానంతో సమానం అని ఉంటుంది. దేవతార్చనను కూడా ఆ వరసలోనే పెట్టాడు. మరి ఈనుతున్న ఆవు కంటే అలసిన ప్రాణి ఆ కొట్టంలో ఇంకెవరున్నారు చెప్పండి? తాత గోనెపట్టా కట్టడం కూడా ఆ లెక్కలో పరిచర్యే. నా రింగ్ లైట్ మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

అసలు మనుషులు గుమిగూడితే నొప్పులు ఎందుకు ఆగుతాయి? ఆవు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. వేల తరాలుగా అడవిలో దాని భయం ఒకటే. కదలలేని ఆ గంటలో పులి వస్తే ఎలా అని. అందుకే ఈనే సమయం దగ్గర పడగానే మంద నుంచి పక్కకు తప్పుకుంటుంది. చాటు వెతుక్కుంటుంది. భయం కలిగితే ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, అది గర్భసంచి కదలికను నెమ్మదింపజేస్తుంది. ప్రమాదం దాటాక కందాంలే అని శరీరం వాయిదా వేసుకుంటుంది. మన హారతి పళ్ళెం ఆవుకి హారతి పళ్ళెంలా కనిపించదు. తెలియని ముఖం, తెలియని మంట, తెలియని వాసన. అంతే.

ఊళ్ళో పెరిగినవాళ్ళకి ఇవన్నీ తెలుసు. నగరంలో పుట్టినవాళ్ళ కోసం కొంచెం చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది గోశాలలకు వారం వారం సేవకు వెళ్తున్నారని తెలుసు. ఆవు మోసేది మనలాగే తొమ్మిది నెలలు, ఇంకొన్ని రోజులు. సుమారు 280 రోజులు, మన దేశవాళీ ఆవులకి ఇంకో వారం అటూ ఇటూ. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపేసి ఎండగట్టాలి. ఆ రెండు నెలలూ పొదుగుకి విశ్రాంతి, కడుపులో దూడకి తిండి. ఇక రోజులు దగ్గర పడ్డాక పొదుగు నిండుతుంది, తోక మొదట్లో రెండు పక్కలా కండరాలు సడలి గుంటలు పడతాయి, జిగురు తీగలా జారుతుంది. ముందు రోజు ఒంటి వేడి కాస్త తగ్గుతుంది కూడా. తరవాత నొప్పుల దశ కొన్ని గంటలు. తొలిచూలుకైతే ఇంకా ఎక్కువ. ఉమ్మనీటి సంచి కనిపించాక గంట, తొలిచూలుకైతే రెండు గంటలు దాటినా దూడ ముందుకు జరగకపోతే ఇక ఆగకూడదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరు ఉంది. గోపూజ యాప్‌లు ఎన్నో దాచుకుంటున్నారు, ఈ నాలుగు అంకెలు కూడా ఫోన్లో దాచుకోండి.

దూడ పుట్టాక మాయ పడటానికి కొన్ని గంటలు పడుతుంది. ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు. దాన్ని లాగడం, బరువు కట్టి వేలాడదీయడం చాలా చోట్ల చూశాను, దయచేసి ఎవరైనా చేస్తుంటే ఆపండి. లోపల చిరిగి పుండు పడుతుంది. పన్నెండు గంటలు దాటితే డాక్టరు చూడాలి. వేదాంతం చెప్పేవాళ్ళం మాయను వెంటనే వదిలించుకోవాలని తొందర పెడతాం గానీ, ఈ మాయ విషయంలో మాత్రం ఓపిక పట్టాలి!

సరే, దూడ పుట్టింది. తాత పిలిచాడు, "ఇప్పుడు రండి, కానీ గుమ్మం దగ్గరే" అన్నాడు. మేం చూసింది ఇది. దూడ నేల మీద తడిగా, జిగురుగా, రక్తపు చారలతో పడి ఉంది. తల్లి దాన్ని నాకుతోంది. ముక్కు, కళ్ళు, మెడ, బొడ్డు, ఒక్క చోటు వదలకుండా. గొంతులోంచి సన్నగా ఒక మూలుగు. అది మామూలు అంబారావం కాదు, నోరు తెరవకుండా దూడకి మాత్రమే వినిపించేలా చేసే శబ్దం. ఆ నాలుక రాపిడికే దూడ ఒళ్ళు ఆరుతుంది, రక్తం పరిగెడుతుంది, ఊపిరి కుదురుతుంది. లేచి నిలబడాలన్న ఉత్సాహం వస్తుంది.

"వత్సం" అంటే దూడ. వాత్సల్యం అన్న మాట అందులోంచే వచ్చింది. అమ్మ ప్రేమకి మన భాషలో ఉన్న పెద్ద మాట మనిషి బిడ్డ నుంచి రాలేదు, ఆవు దూడ నుంచి వచ్చింది. శ్రీవైష్ణవ ఆచార్యులు భగవంతుడి గుణాలు చెప్పేటప్పుడు వాత్సల్యాన్ని ఈ దృశ్యంతోనే వివరిస్తారు. దూడ ఒంటి మీది మలినాన్ని తల్లి నాకినట్టు, మనలోని దోషాలతో సహా స్వామి మనల్ని స్వీకరిస్తాడని. ఇక్కడే ఒక అందమైన భేదం కూడా ఉంది. వేదాంత దేశికుల సంప్రదాయం వారు, స్వామి మన దోషాలను చూడనట్టు వదిలేస్తాడు, అదే వాత్సల్యం అంటారు. పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయం వారు ఇంకో అడుగు ముందుకేసి, చూడకపోవడం కాదు, ఆ దోషమే ఆయనకి భోగ్యం, ఇష్టంగా స్వీకరిస్తాడు అంటారు. దోషభోగ్యత్వం అని దానికి పేరు.

చాలాకాలం నాకు ఆ రెండో మాట అతిగా అనిపించేది. మన తప్పు దేవుడికి రుచించడమేమిటి అని. ఆ రోజు గుమ్మం దగ్గర నిలబడి చూశాక నోరు పెగల్లేదు. ఆ ఆవు మలినాన్ని ఓర్చుకోవడం లేదు. అసహ్యం దాచుకుని బాధ్యతగా తుడవడం లేదు. ఆకలిగా ఉన్నట్టు నాకుతోంది. పశుశాస్త్రం కూడా చెప్పేది అదే. ఈనిన ఆ గంటలో ఆ ఉమ్మనీటి వాసనే తల్లిని దూడ దగ్గరికి లాగుతుంది. ఆ వాసనతోనే "ఇది నాది" అని గుర్తు పెట్టుకుంటుంది. ఏది మనకి మురికి అనిపిస్తుందో, అదే ఆమెకి ముడి.

ఏ సంప్రదాయం సరైనదో తేల్చడం నా పని కాదు. కానీ మీకొక మనవి. అప్పుడే పుట్టిన దూడని నీళ్ళతో కడగకండి. పసుపు రాయకండి, సెంటు చల్లకండి, బొట్టు పెట్టాలని ఎత్తుకోకండి. ఆ వాసన చెరిగితే, మధ్యలో మనం దూరితే, తల్లికి బిడ్డ గుర్తు తప్పే ప్రమాదం ఉంది, ముఖ్యంగా తొలిచూలు ఆవుకి. బొడ్డుకి టించర్ అయోడిన్ పెట్టడం ఒక్కటే మనిషి చేయాల్సిన పని, అదీ తెలిసినవాళ్ళు.

గుమ్మం దగ్గర నిలబడ్డ మాలో ఎవరో మెల్లగా అడిగారు, "పెయ్యా, కోడా?" అని. కోడె దూడ. "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" నాకు ముల్లులా గుచ్చుకుంది. మహాభారతంలో, వనపర్వంలో, వ్యాసుడు ధృతరాష్ట్రుడికి సురభి కథ చెబుతాడు. గోమాత సురభి ఇంద్రుడి ముందు ఏడుస్తుంది. భూమ్మీద ఒక రైతు బక్కచిక్కిన ఎద్దుని నాగలికి కట్టి కొడుతున్నాడు, అది నా బిడ్డ అంటుంది. నీకు వేల మంది బిడ్డలున్నారు కదా, ఈ ఒక్కడి కోసం ఏడుపేమిటి అంటాడు ఇంద్రుడు. అందరూ నాకు సమానమే, కానీ బలహీనుడి మీద ఎక్కువ జాలి అంటుంది ఆ తల్లి. పాడి కోసం పెంచే చోట ఇవాళ ఆ బలహీనుడు ఎవరో మీకు తెలుసు. పాలు ఇవ్వని కోడె దూడ. తల్లి నాకేటప్పుడు పెయ్యా కోడా అని చూడదు, మనమే చూస్తాం.

ఇప్పుడు జున్ను దగ్గరికొద్దాం. తిట్టుకోకండి, నాకూ జున్నంటే ప్రాణం. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి మా అమ్మ ఆవిరి మీద పెడితే ఆ గిన్నె గోకి తినేవాణ్ణి.

అయితే ఒక నిజం చెప్పుకోవాలి. మనిషి బిడ్డకి తల్లి కడుపులోనే కొంత రోగనిరోధక శక్తి అందుతుంది. దూడకి అలా అందదు. పుట్టినప్పుడు దాని రక్తంలో రోగంతో పోరాడే యాంటీబాడీలు దాదాపు ఉండవు. అవన్నీ జున్నుపాలలోనే ఉంటాయి. అవి కూడా ఎప్పుడు తాగినా ఒకటే కాదు. పుట్టిన మొదటి గంటల్లో దూడ పేగు వాటిని యథాతథంగా రక్తంలోకి పంపిస్తుంది. గంటలు గడిచే కొద్దీ ఆ తలుపు మూసుకుంటూ వచ్చి, ఒక రోజు తిరిగేసరికి దాదాపు పూర్తిగా మూసుకుంటుంది. అందుకే మొదటి గంట, రెండు గంటల్లోనే దూడ తాగాలి. మొదటి రోజు దాని బరువులో పదో వంతు పాలు లోపలికి వెళ్ళాలి. పాతిక కిలోల దూడ అయితే రెండున్నర లీటర్లు. మాయ పడేదాకా దూడని పాలు తాగనివ్వకూడదు అని ఇంకా కొన్ని చోట్ల ఆపుతారు. ఆ ఆచారం వల్ల ఎన్ని దూడలు పోయాయో!

మన ధర్మశాస్త్రాలు ఈ విషయంలో చాలా సూటిగా ఉన్నాయి. ఈనిన పది రోజుల లోపు ఆవు పాలు తాగకూడదు, దూడ చనిపోయిన ఆవు పాలు తాగకూడదు అని మనుస్మృతిలోనూ ఉంది. (ఆ పుస్తకం పేరెత్తగానే వేరే చర్చ మొదలవుతుంది, అది ఇంకో రోజు.) ఆ పది రోజుల లెక్క పురుడు లెక్క. మన ఇంట్లో బిడ్డ పుడితే ఎలాగో, కొట్టంలోనూ అలాగే. పాలు మామూలు స్థితికి రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది, శాస్త్రం దానికి రెట్టింపు గడువు ఇచ్చింది. కారణం ఏం చెప్పుకున్నా, ఆ పది రోజులూ లాభపడేది దూడే.

మరి మన ఇళ్ళల్లో జున్ను ఎక్కడిది అంటారా? పాడి బాగా ఉన్న ఆవు దూడ తాగగలిగిన దానికంటే ఎక్కువే ఇస్తుంది. దూడ కడుపు నిండాక మిగిలింది ఇరుగుపొరుగుకి పంచడం మన పల్లెల్లో ఉన్నదే. దాన్ని తప్పు అనను. కానీ ఇప్పుడు నగరంలో జున్నుపాలకి ధర పలుకుతోంది. ధర పలికే చోట మొదటి వంతు ఎవరికి వెళ్తుందో మీరే ఆలోచించండి. మీకు పాలు పోసేవాళ్ళని "మొదటి రోజు పాలు కావాలి" అని అడగొద్దు. "మూడో రోజు మిగిలితే ఇవ్వండి" అనండి. లేదా ఈ పదిరోజుల నియమం పాటించి చూడండి. ఆశ్వయుజ బహుళ ద్వాదశి, ధనత్రయోదశి ముందు రోజు, గోవత్స ద్వాదశి అని చేస్తారు. ఆ రోజు ఆవు పాలు, పెరుగు, నెయ్యి ముట్టరు. ఒక్కరోజైనా మొత్తం దూడకే వదిలేసే వ్రతం అది.

తల్లి సంగతి చెప్పలేదు కదూ. మమ్మల్ని బయటికి పంపినప్పుడు మేం పక్క కొట్టంలోకి వెళ్ళాం. అక్కడ రెండు రోజుల క్రితం ఈనిన జెర్సీ సంకర ఆవు ఒకటి పడుకుని ఉంది. మెడ వెనక్కి తిప్పి, తల తన పక్కటెముకల మీద ఆనించుకుని, కళ్ళు అరమోడ్పుగా. "ఎంత ప్రశాంతంగా ఉందో, ధ్యానంలో ఉన్నట్టు" అన్నారు మాతో ఉన్నావిడ. నేనూ ఫోటో తీశాను. కొంతసేపటికి తాత అటు వచ్చి చెవి పట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. ముట్టె ఎండిపోయి ఉంది. లేపితే లేవలేదు. వెంటనే ఫోన్ చేశాడు.

పాలజ్వరం అండీ అది. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్ళు చల్లబడుతుంది. ఈనగానే పాలలోకి ఒక్కసారిగా కాల్షియం లాగేసుకోవడంతో రక్తంలో కాల్షియం పడిపోతుంది, కండరాలు పని చేయవు. ఎక్కువ పాలిచ్చే ఆవులకి, మూడు నాలుగు ఈతలు దాటినవాటికి, ఈనిన రెండు మూడు రోజుల్లో వస్తుంది. గమనించకపోతే గంటల్లో ప్రాణం పోతుంది. డాక్టరు వచ్చి, గుండె వింటూ, నరానికి కాల్షియం మెల్లగా ఎక్కించాడు. అది తొందరగా ఎక్కించినా గుండె ఆగిపోగలదు. గంట గడిచేసరికి ఆవు వణుకుతూ లేచి నిలబడింది, పేడ వేసింది. నేను ధ్యానం అనుకున్నది చావుకు దగ్గర దశ. ఆ ఫోటో ఇంకా నా ఫోన్లో ఉంది, చెరపలేదు.

ఇది విని గోశాలకి కాల్షియం టానిక్ సీసాలు పట్టుకెళ్ళిపోకండి. చూడి ఆవుకి చివరి వారాల్లో కాల్షియం ఎక్కువ పోస్తే పాలజ్వరం రాకపోవడం అటుంచి, వచ్చే అవకాశం పెరుగుతుంది. బయటి నుంచి దండిగా వస్తుంటే ఎముకల్లోంచి తీసుకునే అలవాటు శరీరం మానేస్తుంది. ఏది ఎంత ఇవ్వాలో డాక్టరుకి వదిలేయండి. అలాగే చక్కెర పొంగలి, అన్నం, బెల్లం, గెలలకు గెలలు అరటిపండ్లు. ఆవు కడుపు గడ్డిని పులియబెట్టుకోవడానికి తయారైనది. పిండిపదార్థం ఒక్కసారిగా పడితే లోపల ఆమ్లం పెరిగి నెమరు ఆగిపోతుంది. పండగ మర్నాడు చాలా గోశాలల్లో ఇదే పని. ఈనిన ఆవుకి అయితే మరీ ప్రమాదం. పుట్టినరోజున ఆవుకి ఏదైనా పెట్టాలనిపిస్తే జొన్న చొప్పో, పచ్చిగడ్డో కొనివ్వండి. వాటితో ఫోటో అంత బాగా రాదు, నిజమే.

గృహప్రవేశాల సంగతి కూడా. "చిన్న దూడ ఉన్న ఆవే కావాలి, వీడియోలో బాగుంటుంది" అని అడిగేవాళ్ళు పెరిగారు. నున్నటి టైల్స్ మీద ఆవు కాలు నిలవదు. ఈనిన కొత్తలో తుంటి కండరాలు ఇంకా బిగిసి ఉండవు, జారితే లేవలేదు. ఈని నెల కాని ఆవుని అడగొద్దని నా అభిప్రాయం. అడిగినా గేటు దగ్గరో, సెల్లార్‌లోనో గోనెపట్టాలు పరిచి పూజ చేయండి. లిఫ్టులో ఎక్కించిన వీడియో ఒకటి ఎవరో నాకు పంపారు, పూర్తిగా చూడలేకపోయాను.

మన తెలుగువాళ్ళకి ఆవు–పులి కథ తెలియనివాళ్ళు ఉండరు. పదిహేనో శతాబ్దపు అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పాడు. చిన్నప్పుడు మనకి సత్యం కోసం చెప్పారు ఈ కథని. మాట ఇచ్చి తిరిగి వచ్చిన ఆవు అని. ఈ మధ్య మళ్ళీ చదివితే నాకు ఇంకో సంగతి కనిపించింది. ఆవు పులిని ఏమని వేడుకుంటుందో చూడండి. నాకు తొలిచూలు బిడ్డ, పుట్టి ఏడెనిమిది రోజులే అయింది, ఇంకా గడ్డి కొరకడం కూడా రాదు, వెళ్ళి కడుపునిండా పాలిచ్చి వస్తాను అంటుంది. కవి ఎంత సరిగ్గా చెప్పాడో! ఆ వయసు దూడకి గడ్డి అరిగించుకునే కడుపు ఇంకా తయారు కాలేదు. పాలు తప్ప వేరే దారి లేదు. అంటే ఆవు అడిగింది దయ కాదు, ఒక గడువు. పులి ఇచ్చింది. ఆకలితో ఉన్న పులి, ఎదురుగా ఆహారం ఉండగా, ఈనిన ఆవుకి దూడ దగ్గరికి వెళ్ళే గడువు ఇచ్చింది. మేం ఇరవై మందిమి, కడుపు నిండా టిఫిన్ చేసి వచ్చి, నలభై నిమిషాలు ఇవ్వలేకపోయాం.

మరి ప్రదక్షిణ? నిన్న పదకొండో రోజు. మళ్ళీ వెళ్ళాం. ముగ్గురమే. లైటు కారులోనే వదిలేశాం. దూడ తల్లి చుట్టూ గంతులేస్తోంది, అది చేసినన్ని ప్రదక్షిణలు మేం చేయలేకపోయాం. మేం మూడు తిరిగాం. ఆవు మా వైపు ఒకసారి చూసి మళ్ళీ నెమరులో పడింది. జెర్సీ ఆవు కూడా లేచి తిరుగుతోంది. దూడ తాగి వదిలేశాక తాత ఒక గ్లాసుడు పాలు పితికి, మా ముగ్గురికీ టీ పెట్టాడు. ఆ వీడియో ఈ ఆదివారం వస్తుంది. థంబ్‌నెయిల్‌లో దూడ, స్టీలు గ్లాసు మాత్రమే ఉంటాయి.